టిక్‌టాక్ లాంటి యాప్‌ను ఆపితే కుర్రకారు ఓట్లు పోతాయా? రిస్క్ ఎక్కడుంది?

కృష్ణాతీరం:
డిబేట్‌కి నోట్స్ రాసుకుంటున్నాను. యువ ఓటర్లు బాగా వాడే యాప్‌ను ప్రభుత్వం ఆపితే రాజకీయంగా దెబ్బ తగులుతుందా అన్నది అంశం. అందరూ అమెరికా టిక్‌టాక్ కథే ఎత్తుకుంటారు. మన దగ్గర 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లు తీసేశారు. అప్పటికి దాన్ని వాడేవాళ్లు 20 కోట్ల దాకా ఉన్నారు, అయినా ఎన్నికల్లో అదొక అంశమే కాలేదు. నేపాల్‌లో మాత్రం 2025లో సోషల్ మీడియాను ఆపిన 5 రోజుల్లో ప్రధాని రాజీనామా చేశాడు. ఇంత తేడా ఎందుకు? "యువత ఆగ్రహం" లాంటి టీవీ మాటలు వద్దండీ. తేదీలు, చట్టం నడిచిన తీరు, ఎక్కడ బెడిసిందో చెప్పండి.

ఫ్రిస్కో ఫైలు:
అమెరికా సంగతికైతే ముందు క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. 2024 మార్చి 13న ప్రతినిధుల సభ 352-65తో పాస్ చేసిన బిల్లులో, టిక్‌టాక్‌ను అమ్ముకోవడానికి దాని యజమాని, చైనా కంపెనీ బైట్‌డాన్స్‌కు ఇచ్చిన గడువు 180 రోజులు. ఏప్రిల్‌లో ఉక్రెయిన్, ఇజ్రాయెల్ సాయం బిల్లులతో కట్టగట్టి తెచ్చేసరికి అది 270 అయింది, అవసరమైతే ఇంకో 90. బైడెన్ సంతకం ఏప్రిల్ 24న. 180 రోజులే ఉంచి ఉంటే గడువు అక్టోబర్ 21న ముగిసేది, పోలింగ్‌కు సరిగ్గా 15 రోజుల ముందు. 270 కాబట్టి 2025 జనవరి 19కి జరిగింది. కొనేవాళ్లకు టైం చాలదన్నది పైకి చెప్పిన కారణం. రెండో కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం వాడేవాళ్ల జోలికి పోలేదు, అది గమనించండి. యాప్ స్టోర్లకు, సర్వర్లు ఇచ్చే కంపెనీలకు ఒక్కో యూజర్‌కి 5,000 డాలర్ల దాకా జరిమానా పెట్టింది. 17 కోట్ల యూజర్లతో గుణిస్తే ఆపిల్, గూగుల్, ఒరాకిల్ ఎందుకు వణికాయో తెలుస్తుంది. ఫోన్లో ఉన్న యాప్‌ను ఎవరూ పీకెయ్యరు, అప్‌డేట్లు అందక నెమ్మదిగా మూలపడాలి. ఒక్కరోజులో గొడవ రేగకుండా బాగానే వేసిన ప్లాన్.

దాన్ని టిక్‌టాకే పాడుచేసింది. జనవరి 18 రాత్రి సర్వీసు తానే కట్టేసి, ట్రంప్ వచ్చాక దారి చూపిస్తానన్నారని ప్రతి స్క్రీన్ మీదా రాసింది. దాదాపు 14 గంటల తర్వాత తిరిగొచ్చి ఆయనకే థ్యాంక్స్ చెప్పింది. 2020 ఆగస్టులో ఇదే యాప్‌ను మూయించాలని ఆర్డర్ ఇచ్చింది ఆయనే! నింద బైడెన్‌కి, పేరు ట్రంప్‌కి. ఓటరు చేతిలో ఉన్న తెర మీద నోటీసు వేసే వీలు యాప్‌కే ఉంటుంది, ప్రభుత్వానికి ఉండదు. నన్నడిగితే అసలు రిస్క్ ఇదే.

ఒక్కోసారి అదే బెడిసికొడుతుంది కూడా. 2024 మార్చిలో టిక్‌టాక్ యూజర్ల చేత కాంగ్రెస్ ఆఫీసులకు ఫోన్లు చేయించింది. లైన్లన్నీ జామ్ అయ్యాయి. సభా కమిటీ అదే రోజు బిల్లును 50-0తో పాస్ చేసింది. ఈ కంపెనీ తలచుకుంటే మన పిల్లల చేత ఏమైనా చేయించగలదు అని వాదిస్తున్నవాళ్ల చేతికి రుజువు తానే ఇచ్చినట్టయింది.

బూత్ లెక్కలు:
క్యాలెండర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ 2024 ఫలితాన్ని టిక్‌టాక్ ఖాతాలో రాయకండి. ఎగ్జిట్ పోల్స్‌లో 18-29 ఏళ్లవాళ్లు 2020లో బైడెన్ వైపు 60-36, 2024లో హారిస్ వైపు 54-43. ఆధిక్యం తగ్గిన మాట నిజమే. అయితే పోలింగ్ రోజు యాప్ మామూలుగానే నడుస్తోంది, పోయిందని కోపం రావడానికి అది పోనేలేదు. ధరలు, ఇంటి అద్దెలు, గాజా... ఇవన్నీ వదిలి ఒక్క యాప్ మీదికి నెట్టడం కుదరదు. యువతలో 34 పాయింట్ల తేడాతో గెలిచానని ట్రంప్ చెప్పుకున్నదీ తప్పే.

డెమొక్రాట్ల అసలు తప్పు వేరు. బైడెన్ ప్రచార బృందం 2024 ఫిబ్రవరిలో టిక్‌టాక్‌లో ఖాతా తెరిచింది, ఆయన సంతకం పెట్టాక కూడా నడిపింది. దేశ భద్రతకు ముప్పు అన్న చోటే ఓట్లడిగితే ఆ మాట ఎవరు నమ్ముతారు? అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ సర్వేల్లో నిషేధానికి మద్దతు 2023 మార్చిలో 50 శాతం, 2024 వేసవికి 32.

తెరాయి గాలి:
నేపాల్ గురించి చాలామంది తప్పు చెబుతారు. 2025 సెప్టెంబర్ 4న ఆపిన 26 ప్లాట్‌ఫామ్‌లలో టిక్‌టాక్ లేదు! 2023 నవంబర్‌లో దాన్ని ఆపి, 2024 ఆగస్టులో వదిలారు. ఆ తర్వాత అది ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసుకుంది కాబట్టి ఈసారి తప్పించుకుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్, యూట్యూబ్ రిజిస్టర్ చేసుకోలేదని మూశారు. అంటే కుర్రాళ్లు ఎక్కువగా చూసే చిన్న వీడియోల దుకాణం తెరిచే ఉంది, నాయకుల పిల్లల విలాసాల మీద "నెపో కిడ్స్" వీడియోలు అందులోనే తిరిగాయి.

ఇంకో పొరపాటు వాట్సాప్, మెసెంజర్. గల్ఫ్‌లో, మలేసియాలో పనిచేసే కొడుకుతో తల్లి మాట్లాడేది వాటి మీదే. దాంతో విషయం కుర్రాళ్లది కాకుండా ఇంటింటిదీ అయింది. 8న నిరసనకారుల మీద జరిగిన కాల్పుల్లో 19 మంది పోయారు. ఆ రాత్రే నిషేధం ఎత్తేశారు. అప్పటికి అడిగేది యాప్ గురించి కాదు, ప్రాణాల గురించి. 9న ప్రధాని ఓలీ రాజీనామా. అవినీతి మీద, నిరుద్యోగం మీద మంట ముందునుంచే ఉంది, నిషేధం దానికి తేదీ ఇచ్చింది, అంతే.

బూత్ లెక్కలు:
మన దగ్గర ఎందుకు గొడవ కాలేదంటే, చైనా సరిహద్దులోని గల్వాన్‌లో మన సైనికులు 20 మంది చనిపోయి రెండు వారాలే. దేశ భద్రత కోసం ఆన్‌లైన్ సేవలను ఆపే వీలిచ్చే ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద ఇచ్చిన ఆర్డర్‌ను జనం సరిహద్దు వార్తగానే చూశారు. పైగా జులై 8కల్లా ఇన్‌స్టా రీల్స్ ఇక్కడ మొదలైంది, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్. చూసేవాడికి లోటు తెలియలేదు. నష్టపోయింది వీడియోలు చేసేవాళ్లు. ఫాలోవర్లను వెంటబెట్టుకెళ్లే దారి లేదు, మళ్లీ సున్నా నుంచి మొదలు. అదే ఏడాది డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీలో బీజేపీ 4 నుంచి 48 సీట్లకు వెళ్లింది. యాప్ ఆపినందుకు గెలిచారని కాదు, ఆపినందుకు దెబ్బ తగల్లేదని.

అల్బేనియా కూడా నోట్ చేసుకోండి. ఒక 14 ఏళ్ల అబ్బాయి హత్య తర్వాత 2025 మార్చిలో టిక్‌టాక్‌ను ఏడాదికి ఆపారు, మే 11న ఎన్నికలు. మా నోరు నొక్కడానికే అని ప్రతిపక్షం మొత్తుకుంది. ప్రధాని ఎడీ రామా 140లో 83 సీట్లతో నాలుగోసారి గెలిచాడు.

కృష్ణాతీరం:
థ్యాంక్సండీ. మరి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఆపారు కదా, అది ఈ లెక్కలోకి వస్తుందా?

ఫ్రిస్కో ఫైలు:
సగమే వస్తుంది. ఖాతా పోయినవాళ్లకు ఓటు లేదు, ఆపమని అడిగిన తల్లిదండ్రులకు ఉంది. జరిమానా కంపెనీకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకూ తల్లిదండ్రులకూ ఏమీ లేదు. 2024 నవంబర్‌లో పాసైంది, అమలు 2025 డిసెంబర్ 10 నుంచి, మధ్యలో మేలో ఎన్నికలు. ఇక్కడా తేదీల అమరిక చూడండి. అమలు రోజున 15 దాటినవాళ్లలో కొందరు 2028 ఎన్నికల నాటికి ఓటర్లు అవుతారు, కానీ అప్పటికి వాళ్ల ఖాతాలు తిరిగి తెరుచుకుని రెండేళ్లు అవుతుంది.