కాకినాడ నుంచి భావనపాడు దాకా: సైకిల్ పడవలోనా, ఒడ్డునా?

నీలిగీత:
ఫిబ్రవరి నెలాఖరులో కాకినాడలో బయల్దేరి, తీరం వెంబడే శ్రీకాకుళం జిల్లా భావనపాడు చేరాలని ప్లాను. సుమారు 300 కిలోమీటర్లు. పడవ వేఫేరర్ రకం తెరచాప పడవ, 16 అడుగులు, మోటారు లేదు. మనుషులం ఇద్దరం. మడత సైకిల్ ఒకటుంది: 12 కేజీలు, 20 అంగుళాల చక్రాలు. ఇద్దరం పడవలో వెళ్తూ, నీళ్లకీ సరుకులకీ ఊళ్లోకి పోవడానికి దాన్ని వెంట వేసుకెళ్లాలా? లేక ఒకరు పడవ, ఒకరు సైకిల్, రోజు మార్చి రోజు వెళ్లాలా?

తెరచాప_రావు:
పడవలోనే, ఇందులో ఆలోచించేదేముంది. మాస్టు (తెరచాప స్తంభం) మొదట్లో, సెంటర్‌బోర్డు (పడవ అడుగున నీళ్లలోకి దించే పలక) పెట్టెకి ఆనించి, నాలుగు చోట్ల పట్టీలు వేసి కట్టండి. ముందు గదిలో మాత్రం పెట్టొద్దు. ముక్కు బరువెక్కితే వెనక గాలికి పడవ కెరటంలోకి దూరుతుంది. వేఫేరర్ ఒట్టి బాడీయే 169 కేజీలు, మీ సామానూ నీళ్లూ ఇంకో 80 వేసుకోండి. బోల్తా పడితే ఒక్కడే లేపడం గగనం. ఇద్దరూ పడవలో ఉండాల్సిందే.

రెండుచక్రాలు:
ఆ సైకిల్ నాలుగో రోజుకి పాతసామాన్ల కొట్టుకే. అల్యూమినియం ఫ్రేములో స్టీలు సీటుపోస్టు ఉంటే, మధ్యలోకి ఉప్పునీళ్లు దిగగానే అది బ్యాటరీలా పనిచేస్తుంది. అల్యూమినియం తెల్లపొడిగా పొంగి పోస్టుని పట్టేస్తుంది. ఇక సీటు దిగదు, సీటు దిగకపోతే సైకిల్ మడత పడదు. చెయిను పైకి మెరుస్తూనే ఉంటుంది, పిన్నుల దగ్గర లింకులు బిగుసుకుంటాయి. గేర్లు మార్చే డిరెయిలర్ చిన్న చక్రాల్లో ఇసుక సంగతి చెప్పనే అక్కర్లేదు.

తెరచాప_రావు:
ఇవన్నీ బద్ధకస్తుల కష్టాలండీ. పోస్టుకి గ్రీజు రాసి మూడు రోజులకోసారి బయటికి లాగి తుడవాలి. దిగిన వెంటనే రెండు లీటర్ల మంచినీళ్లు నెమ్మదిగా పోయాలి, పైపుతో కొడితే బేరింగుల్లోకి పోతుంది. ఆరాక చెయినుకి రోలరుకో చుక్క నూనె వేసి, పైన పొడిగుడ్డతో తుడిచేయాలి. ఒక స్పేరు చెయిను, దాన్ని కలపడానికి రెండు క్విక్ లింకులు. ఇక గోలేముంది?

రెండుచక్రాలు:
రోజుకి మనిషికి 4 లీటర్ల తాగునీళ్లు మోసే పడవలో సైకిల్ స్నానానికి ఇంకో రెండా?

బారలెక్క:
ఫిబ్రవరి ఎందుకసలు? డిసెంబరులో ఈశాన్యపు గాలి బాగుంటుంది కదా.

కోరంగి:
ఆ గాలికి భావనపాడు నుంచి కిందికి రావాలి, వీళ్లు పైకి పోతున్నారు. డిసెంబరులో తీరం వెంట ప్రవాహం కూడా దక్షిణానికే. పైగా తుపాన్ల కాలం ఇంకా పోదు. ఫిబ్రవరికి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, మార్చిలో దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తుంది. అయితే ఏప్రిల్ 15 లోగా ముగించాలి. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. నీళ్ల మీద మీకు ఏదైనా అయితే దగ్గర్లో ఎవరూ ఉండరు.
రోజు లెక్క ఇదీ: తెల్లారుజామున నేలగాలితో బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా దిగిపోవాలి. 4 నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు 7.4 కిలోమీటర్ల చొప్పున, ఐదు గంటలకి 37 కిలోమీటర్లు. అంటే ఎనిమిది తొమ్మిది రోజుల ప్రయాణం, గాలి బాగాలేని రోజులకి ఇంకో ఆరు. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరిక రోజూ రాత్రి చూసుకోండి. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం ఉంది కాబట్టి మెరైన్ పోలీసులకి ముందే చెప్పి, ఆ భాగం ఎక్కడా దిగకుండా దూరంగా దాటేయండి. విశాఖ దగ్గర ఓడల దారిని అడ్డంగా, నిలువుకోణంలో కోసేయాలి, వాటి వెంట పోకూడదు.

రెండుచక్రాలు:
కోరంగి గారు చెప్పిన ఒంటిగంట లెక్కే చూడండి. మీరు దిగే చోట హార్బరు ఉండదు, ఒట్టి ఇసుక తీరం. సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే కెరటం వీపే కనిపిస్తుంది, నున్నగా, చిన్నగా. దాని ముఖం ఒడ్డున ఉన్నవాడికే కనిపిస్తుంది. పడవ 37 కిలోమీటర్లు వచ్చేలోగా సైకిల్‌వాడు, నదుల దగ్గర వంతెనల కోసం లోపలికి తిరిగి 55, 60 తొక్కినా, గంటకి 15 చొప్పున ముందే చేరతాడు. పెద్ద కెరటాల గుంపులు లెక్కపెట్టి, ఊళ్లో వేటకెళ్లే వాళ్లని అడిగి, జెండాతో పిలుస్తాడు. పోయినేడు ఇక్కడే ఈ మాట అంటే "సైకిలోళ్లకి సముద్రం ఏం తెలుసు" అని నవ్వారు. నవ్విన పెద్దమనిషి ఈ చర్చలోనూ ఉన్నారు.

తెరచాప_రావు:
పేరు పెట్టే చెప్పండి, ఫరవాలేదు. నేను నవ్వింది సైకిల్ని చూసి కాదు. ఒడ్డున నిలబడి జెండా ఊపేవాడు పడవని నడుపుతానంటే నవ్వాను. బయట లంగరు వేసి, తెర దించి, ముక్కు సముద్రం వైపు తిప్పి, 40 మీటర్ల తాడు వదులుతూ వెనక్కి వెనక్కి ఒడ్డుకి రావడం ఎందుకు నేర్చుకుంటాం? ఎవరి సాయం లేకుండా దిగడానికే. చుక్కాని పైకి ఎత్తడం మరిచిపోకండి, ఇసుకకి తగిలితే పిన్నులు విరుగుతాయి.

రెండుచక్రాలు:
బోల్తా పడితే ఒక్కడే లేపలేడని అన్నది మీరే. ఒంటరిగా దిగడం మాత్రం తేలికా?

తెరచాప_రావు:
మాస్టు కొసన గాలితిత్తి కడితే పూర్తిగా తలకిందులు కాదు, అప్పుడు ఒక్కడైనా లేపొచ్చు. అది వేరే సంగతి.

రెండుచక్రాలు:
వేరే సంగతి ఎలా అవుతుంది? రెండు రోజులుగా తుప్పు గురించి కొట్టుకుంటున్నాం గానీ అసలు పేచీ ఇదే. ఈ రోజు పడవ దింపాలా వద్దా, దిగే చోట రావాలా ఆగాలా, ఈ మాట ఎవరిది? నా లెక్కలో బయల్దేరడం పడవవాడి ఇష్టం, దిగడం ఒడ్డువాడి మాట. మీకు ఆ రెండో సగం గొంతు దిగడం లేదు.

తెరచాప_రావు:
దిగదు. పడవలో సరంగు ఒక్కడే ఉంటాడు. జెండా కనిపించకపోతే? ఫోను తడిస్తే?

కోరంగి:
రావు గారూ, శాటిలైట్ పరికరాలు అనుమతి లేకుండా తీసుకెళ్తే మన దేశంలో కేసు అవుతుంది. ఇన్‌రీచ్ లాంటివాటితో పట్టుబడ్డవాళ్లున్నారు. అంటే మీకున్నది ఫోనే, అదీ ఒడ్డుకి దగ్గరగా ఉన్నంతసేపే. సాయంత్రానికి పడవ రాలేదని కోస్ట్‌గార్డ్‌కి 1554 కొట్టేదెవరు?

నీలిగీత:
మూడో మనిషి దొరికాడు. ఇద్దరు పడవలో, ఒకరు సైకిల్ మీద. మడత సైకిల్ ఇంట్లోనే, మామూలు స్టీలు సైకిల్ ఒడ్డున. ఎర్రజెండా అంటే ఆగు, తెల్లది అంటే రా. రావు గారి కోసం ఒకటి కలిపాం: ఏ జెండా కనిపించకపోతే నిర్ణయం పడవదే. ఎర్రజెండా మీద ఎంతసేపు ఆగాలి?

రెండుచక్రాలు:
పోటు పాటుల వేళ చూసుకోండి. కెరటాలు తగ్గేదాకా బయటే లంగరు మీద ఉండొచ్చు. రెండున్నరకి కూడా ఎర్రజెండా దిగకపోతే ఆ ఊరు వదిలేయండి. దక్షిణపు గాలి ఇంకా వెనకే ఉంటుంది, చీకటిలోగా ముందరి హార్బరు అందుతుందో లేదో పొద్దున్నే కాగితం మీద రాసి ఉంచుకోండి.

తెరచాప_రావు:
రెండున్నరా? రెండు. మధ్యాహ్నం తర్వాత గాలి ముదురుతుంది, అప్పుడు తెర కుదించాలన్నా పావుగంట పడుతుంది.