సమురాయ్ కత్తి పోటీకి తెలుగు మాట

సమురాయ్ కథతో ఒక టేబుల్‌టాప్ ఆర్‌పీజీ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడే కథాట) తెలుగులో నడిపిస్తున్నాను. చిక్కంతా కత్తి పోటీ దగ్గరే. ‘ద్వంద్వయుద్ధం’ అనగానే మావాళ్లకి భీముడూ జరాసంధుడూ గుర్తొస్తారు. పట్టు, గుద్దు, మళ్లీ పట్టు... పాచికలు వేస్తూనే ఉంటారు, ఓ పట్టాన తెమలదు. జపాను వాళ్ల ఇయాయి అలా కాదు. కత్తి ఒరలోనే ఉంటుంది, దూయడమూ నరకడమూ ఒకటే కదలిక. ‘ఒరదూత’ అందామా?

— ఒర పంపిన రాయబారి అనుకుంటారండీ! పోటీ పేరు తర్వాత, ఆడేవాడు తన వంతులో ఏమంటాడో ముందు తేల్చండి. నా ఓటు ‘కాచు’కి. ‘కాచుకో’ అంటే ఒళ్లు దగ్గర పెట్టుకోమని. ‘గుమ్మంలో కాచుక్కూర్చున్నాడు’ అంటే అదను చూస్తున్నాడని. పిడి మీద చెయ్యేసి నిలబడ్డవాడు చేసేది ఈ రెండే కదా. ఇద్దరికీ రెండేసి చీటీలివ్వండి: కాచు, దూయి. బోర్లా పెట్టి ఒక్కసారే తిప్పాలి. ఇద్దరూ కాస్తే చెరో పాచిక పెరుగుతుంది. ఒకడే దూస్తే వాడిదే ముందు వేటు. కాచినవాడు బతికి బయటపడితే ఎదురువేటుకి ఇంకో పాచిక ఎక్కువ. అవతలివాడు కదిలాక గెలవడాన్ని జపాను వాళ్లు ‘గో నో సెన్’ అంటారు.

— మా వైపు కాస్కో అంటం అన్నా, చీటీ మీద గదే రాయి. పడిగాపులు గూడ పెట్టు. 1612ల గన్ర్యూ దీవిల కత్తి పోటీకి ముసాషి అనే సమురాయ్ కావాల్నని ఆలస్యంగ పోయి, ఎదురుచూస్తున్న పోటీదారు కొజిరోకు మండేటట్టు చేసిండని చెప్తరు. అట్ల పడిగాపులు కాసినోడికి ఒక పాచిక కోత.

— భలే చెప్పారు. అసలు కత్తే దూయకుండా గెలిచే రకం కూడా ఉండాలి. త్సుకహర బొకుదెన్ అనే పాతకాలపు కత్తివీరుడి కథ వినే ఉంటారు. బివా సరస్సు మీద పడవలో ఒకడు సవాలు విసిరాడట. ‘సరే, ఆ దీవిలో తేల్చుకుందాం’ అన్నాడీయన. వాడు గట్టు మీదికి దూకడమేమిటి, ఈయన పడవని వెనక్కి నెట్టేశాడు. దాన్నే చేతులు వాడకుండా గెలిచే విద్య అన్నాడు. మూడో చీటీ ‘బురిడీ’. అవతలివాడు దూసినప్పుడే పారుతుంది. వాడు కాస్తే మాత్రం వేసినవాడి పరువు గంగపాలు.

— ‘జారుకో’ అంటే?

— అది పిరికివాడి మాటండీ, సమురాయ్ నోట బాగోదు. బురిడీలో కనీసం తెలివుంది.

— ఇద్దరూ ఒకేసారి దూస్తే ఎట్ల అన్నా?

— ఐఉచి అంటారు. మనం ‘జంటవేటు’ అందాం. పాచికలు సమానంగా పడ్డాయా, ఇద్దరూ పోయినట్టే. అందుకే మా బల్ల దగ్గర ఎవరికి వారు రెండో పాత్ర రాసుకునే కూర్చుంటారు.