షబే బరాత్‌కు పెట్టే 'మాఫ్ కరో' స్టేటస్‌తో మాఫీ అయిపోతుందా?

కేసీ కాలువ, కడప

అస్సలాము అలైకుం. షాబాన్ నెల సగానికొచ్చేసరికి, అంటే షబే బరాత్ రాత్రి దగ్గరపడేసరికి, ఫోన్ల నిండా ఒకటే మెసేజి. "తెలిసో తెలియకో ఎవరి మనసైనా నొప్పించి ఉంటే అల్లాహ్ కోసం మాఫ్ చేయండి." ఒక్క నొక్కుతో మూడు వందల మందికి పోతుంది. మాసాపేటలో మాటల్లేని తమ్ముడికీ పోతుంది, కువైట్‌లో ముఖపరిచయం లేని నంబరుకూ పోతుంది. దాంతో పని అయిపోయిందని ఆ రాత్రి మసీదులో కూర్చుంటున్నారు.

దీంతో సాటి మనుషుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్, నిజంగా తీరుతాయా? ఒకాయన మీద వెనకాల మాట్లాడి ఉంటే పోయి "నీ గురించి ఇట్లా అన్నాను" అని చెప్పుకోవాలా, చెబితే లేని గొడవ పుట్టదా? చేబదులు, పొలం గట్టు, తూకం లాంటివైతే లెక్క ఎట్లా వేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "అల్లాహ్ క్షమాశీలుడు" అని ఒక్క ముక్కతో వదిలేయొద్దు, ఆ మాట మీద ఎవరికీ అనుమానం లేదు.

తుంగభద్ర, కర్నూలు

వఅలైకుం అస్సలాం. ముందు మూల విషయం. అల్లాహ్ హక్కులో చేసిన తప్పుకు తౌబా (పశ్చాత్తాపం) షరతులు మూడు: ఆ పని వెంటనే ఆపేయడం, చేసినందుకు మనసులో కుమిలిపోవడం, మళ్ళీ చేయనని గట్టిగా అనుకోవడం. మనిషి హక్కు అయితే నాలుగోది తోడవుతుంది. ఆ హక్కు ఆ మనిషికి తిరిగి చేరాలి, లేదా ఆ మనిషే వదిలేయాలి. ఈ నాలుగోది మూడు వందల మందికి పంపే మెసేజీతో తీరదు, ఎందుకంటే అందులో ఎవరి హక్కో లేదు, ఏ హక్కో లేదు. చదివినవాడు "మాఫ్" అని బొమ్మ పెట్టినా దేన్ని మాఫ్ చేశాడో అతనికే తెలియదు.

బుఖారీ అనే గ్రంథంలో ఒక హదీసు, అంటే ప్రవక్త (స) మాట, ఉంది. ఎవరైనా తన సోదరుడి పరువు విషయంలోనో మరేదాంట్లోనో అన్యాయం చేసి ఉంటే, దీనారూ దిర్హమూ చెల్లని రోజు రాకముందే, ఈ రోజే విడిపించుకోవాలని ప్రవక్త (స) చెప్పారు. ఆ రోజు చెల్లింపు పుణ్యాలతోనే. ముస్లిం అనే హదీసు గ్రంథంలో 'ముఫ్లిస్' (దివాలా తీసినవాడు) హదీసు చూడండి. నమాజు, రోజా, జకాత్ అన్నీ మూటగట్టుకుని వచ్చినవాడే అక్కడ దివాలా తీస్తాడు. ఒకరిని తిట్టాడు, ఒకరి మీద నింద వేశాడు, ఒకరి సొమ్ము తిన్నాడు, ఒకరిని కొట్టాడు. పుణ్యాలన్నీ వాళ్ళకు పంచి అయిపోయాక వాళ్ళ పాపాలు తెచ్చి ఇతని నెత్తిన వేస్తారు. ఆరాధన తక్కువై మునిగినవాడు కాదు ఇతను. అది గమనించాలి.

షబే బరాత్ సంగతికొస్తే, ఆ రాత్రి మనసులో పగ పెట్టుకున్నవాడికి తప్ప క్షమాపణ దొరుకుతుందన్న రివాయత్ (కథనం) ఇబ్నె మాజా హదీసు గ్రంథంలో ఉంది. దాని సనదు (చెప్పినవారి వరుస) బలం మీద ముహద్దిసుల్లో (హదీసు పండితుల్లో) ఏకాభిప్రాయం లేదు. కానీ ముస్లింలో ఉన్న హదీసు మీద ఆ పేచీ లేదు. ప్రతి సోమవారం, గురువారం స్వర్గ ద్వారాలు తెరుస్తారు, షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) చేయని ప్రతివాడికీ క్షమాపణ దొరుకుతుంది, ఒకరి మీద ఒకరు కక్ష పెట్టుకున్న ఇద్దరికి తప్ప. "వీళ్ళిద్దరూ కలిసేదాకా ఆపండి" అంటారు. అంటే ఈ పనికి వారానికి రెండు గడువులున్నాయి, ఏడాదికొకటి కాదు.

ఇంగ అడిగే పద్ధతి. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. "నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే" అన్న మాటలో ఒప్పుకోలు లేదు, 'ఉంటే' దగ్గరే అది చచ్చిపోయింది. "ఫలానా రోజు ఫలానా మాట అన్నాను, అది తప్పు, నన్ను వదిలేయండి" అనాలి. ఆ వెంటనే "కానీ నువ్వు కూడా" అని మొదలుపెట్టొద్దు. అతని తప్పు అతని లెక్క. ఒంటరిగా అడగండి. ఈద్ నమాజు తర్వాత అందరి ముందు అలాయి బలాయి ఇచ్చుకుంటూ అడిగితే అతనికి కాదనే వీలుండదు. పెద్దమనుషులను వెంటేసుకుని పోవడమూ అంతే, అది బలవంతం. జవాబు అప్పటికప్పుడే కావాలని కూర్చోవద్దు.

కిబ్ర్ (అహంకారం) అంటే సత్యాన్ని తోసేయడం, మనుషులను చులకన చేయడం అని ప్రవక్త (స) అర్థం చెప్పారు (ముస్లిం). మంచి బట్ట, మంచి చెప్పులు ఇష్టపడటం కిబ్ర్ కాదని అదే హదీసులో ఉంది. గడప దగ్గర నిలబడి "తప్పు నాదే" అనే మాట గొంతులో ఆగిపోతే అడ్డం పడింది ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది.

నాపరాయి, ఎర్రగుంట్ల

తుంగభద్ర అన్న మూలం చెప్పినాడు, నేను గీబత్ ఒక్కటే పట్టుకుంటా.

ముందు ఏది గీబత్ అన్నది తేల్చుకోవాలి. నీ సోదరుడి గురించి అతనికి నచ్చని మాట అతని వెనక చెప్పడం గీబత్. "అది అతనిలో నిజంగా ఉంటేనో?" అని అడిగారు సహాబాలు (ప్రవక్త సహచరులు). ఉంటే గీబత్, లేకపోతే బుహ్తాన్, అంటే అభాండం అన్నారు ప్రవక్త (స). కాబట్టి "ఉన్నమాటే కదా అన్నా" అనేది సాకు కాదు, సరిగ్గా గీబత్‌కు నిర్వచనం. ఖురాన్ 49వ సూరా 12వ ఆయత్ దీన్ని చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. అంతకు ముందు ఆయత్‌లో ఎగతాళి, మారుపేర్లు కూడా ఉన్నాయి. మన పల్లెల్లో కుంటి, నల్ల, పొట్టి అని పేరు ముందు తగిలించి పిలవడం అలవాటైపోయి ఎవరికీ తప్పనిపించదు. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి సఫియ్యా (రజి) గురించి పొట్టి అన్న అర్థం వచ్చేట్టు అంటే, ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రం నీళ్ళే మారిపోతాయన్నారు ప్రవక్త (స) (అబూ దావూద్, తిర్మిజీ). పొడుగు పొట్టి మాటకే అంత.

చెప్పాలా వద్దా అన్నదానిపై ఉలమాల్లో (మతపండితుల్లో) రెండు మాటలున్నాయి. ఒకటి, పోయి విడిపించుకోవాల్సిందే అని. రెండోది ఇమామ్ ఇబ్నె తైమియ్యా లాంటి వాళ్ళది. మాట అతని చెవిన పడకపోతే చెప్పి కొత్త గాయం చేయొద్దు, అతని కోసం దుఆ (ప్రార్థన) చేయాలి, ఎక్కడైతే పరువు తీశారో అదే కూటంలో అతని మంచి చెప్పాలి. ఆచరణలో నాకు సరైనదనిపించే దారి ఇది: మాట అతనిదాకా పోయి ఉంటే తప్పకుండా వెళ్ళి అడగాలి. పోలేదని గట్టిగా తెలిస్తే రెండో దారి.

కానీ ఆ రెండో దారి సులువని అనుకుని దాన్నే ఎంచుకోవద్దు. "అదే కూటం" అన్నది మర్చిపోతారు. ఏడు రోడ్ల దగ్గర టీ బంకు కాడ నలుగురి ముందు అన్నమాటను ఇంట్లో కూర్చుని ఇస్తిగ్ఫార్ (క్షమాపణ వేడుకోలు) చదివి తుడిచేయలేరు. ఆ నలుగురికీ "ఆ రోజు నేనన్నది సరికాదు" అని చెప్పాలి. అభాండం అయితే ఇది ఇంకా గట్టిగా, "అది అబద్ధం" అని నోటితో చెప్పాలి. గ్రూపులో రాసి ఉంటే ఆ గ్రూపులోనే రాయాలి. మెసేజి చెరిపేయడం చాలదు, చదివినవాళ్ళ బుర్రలో అది చెరిగిపోదు కదా.

ఒక జాగ్రత్త. అన్యాయానికి గురైనవాడు న్యాయం చేయగలవాడికి చెప్పుకోవడం, ఫత్వా అడగడం, పెళ్ళి సంబంధం గురించి ఎవరైనా విచారిస్తే ఉన్నది చెప్పడం గీబత్ కింద రావు. ఇమామ్ నవవీ ఇట్లాంటి సందర్భాలు ఆరు చెప్పారు. అయితే సంబంధం గురించి అడిగితే ఆ పెళ్ళికి అవసరమైనంతే చెప్పాలి. వాళ్ళ తాతదాకా పోకూడదు.

శనక్కాయచేను, గుత్తి

సొమ్ము సంగతి నేను రాస్తా. ఇందులో "మాఫ్" అన్న మాట కన్నా లెక్క ముఖ్యం.

చేబదులు: ఇచ్చినవాడు ఉంటే ఇచ్చేయడమే. ఒకేసారి కుదరకపోతే నెలకు ఇంతని కాగితం మీద రాసి ఇవ్వండి. 2వ సూరా 282వ ఆయత్ అప్పు రాసుకోమనే చెబుతుంది, ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే. ఇచ్చినవాడు చనిపోతే అప్పు తీరిపోదు, వారసులది అవుతుంది. వారసులు ఎంత వెతికినా దొరక్కపోతే అతని పేరున సదఖా (దానం) చేయాలి. తర్వాత దొరికి అడిగితే మళ్ళీ ఇవ్వాల్సిందే. ఈద్ రోజు "మాఫ్ కర్ దియా" అన్నాడంటే మనసు నొప్పి పోయిందని అర్థం, ఇరవై వేలు పోయాయని కాదు. డబ్బు వదిలేశానని అతను విడిగా అంటేనే వదిలేసినట్టు. అప్పు మిగిలిపోయిన ఒకతని జనాజాకు (అంత్యక్రియల నమాజుకు) ప్రవక్త (స) తాను నిలబడకుండా "మీ మిత్రుడి నమాజు మీరు చదవండి" అన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నా మీద అన్నాక చదివించారు.

గట్టు: మన చేన్లలో ఏటా దున్నేటప్పుడు ఒక చాలు అటు జరుగుతుంది. ఎవరూ పెద్ద పాపంగా అనుకోరు. 300 అడుగుల పొడవు గట్టు ఒక్క అడుగు జరిగితే 300 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి ముప్పాతిక సెంటుకు కొంచెం తక్కువ. జానెడు నేల అన్యాయంగా తీసుకున్నా ఏడు భూముల మేర అది మెడకు చుట్టుకుంటుందని బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. మాఫీ అడిగే ముందు గట్టు వెనక్కి జరపండి. ఎక్కడికి జరపాలో తెలియకపోతే పొలం హద్దులు కొలిపించే ఎఫ్‌లైన్‌కు దరఖాస్తు పెట్టి, సర్వేయరు పొలం కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీ చూసి కొలిచి రాయి నాటేటప్పుడు పక్క రైతును కూడా నిలబెట్టుకోండి. ఫీజు మీరే కట్టండి, తప్పు మీదైనప్పుడు అందులో సగం అడగడం బాగుండదు. ఇన్నేళ్ళు ఆ నేలలో తీసుకున్న పంట మాత్రం ధర్మశాస్త్ర సంప్రదాయమైన మజ్‌హబ్‌ను బట్టి మారుతుంది, మీ ఆలిమ్‌ను అడగండి.

పక్క రైతు హిందువైతే? హక్కులో తేడా లేదు. మనతో ఒప్పందంలో ఉన్న ముస్లిమేతరుడికి అన్యాయం చేసినవాడి మీద తీర్పు రోజున తానే వాదిస్తానన్నారు ప్రవక్త (స) (అబూ దావూద్). ఎదుటి కక్షిదారుడు ఆయనే అయితే మనకు దిక్కెవరు?

తూకం: 83వ సూరా మొదలయ్యేదే తూకంలో తగ్గించేవాళ్ళ మీద. ఉల్లిగడ్డల బండి అనుకోండి. కిలోకు 50 గ్రాములు తక్కువ, రోజుకు 40 కిలోలు అమ్మితే 2 కిలోలు, 300 రోజులకు 600 కిలోలు. కిలో 30 రూపాయల లెక్కన 18,000. కొన్నవాళ్ళంతా దొరకరు. తెలిసిన ఖాతాదారులకు నేరుగా ఇచ్చేసి, మిగతాది వాళ్ళ తరఫున అన్న సంకల్పం, అంటే నియ్యత్‌తో పేదలకు ఇవ్వాలి. అందులో మన పుణ్యం ఏమీ లేదు, వాళ్ళ సొమ్ము వాళ్ళ పేరున పోతోంది. దీన్ని జకాత్ కింద చూపించుకోవడం కుదరదు. అంచనా వేసేటప్పుడు ఎక్కువ వైపే వేయండి.

కేసీ కాలువ, కడప

జజాకల్లాహ్ ఖైర్, ఇట్లాంటి జవాబులే కావాలనుకున్నా. ఇంకో రెండు. అడిగినా ఎదుటివాడు ససేమిరా అంటే? ఇంకొకటి, ఆడబిడ్డల వాటా. "మా చెల్లెలు వద్దనేసింది" అని అందరూ అంటారు, అది మాఫీ కిందకే వస్తుందా?

ఉస్తానీ, ప్రొద్దుటూరు

ససేమిరా అంటే అది అతని హక్కు, తప్పు పట్టకూడదు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అడగండి, ఎదురుపడితే సలాం మీరే ముందు చెప్పండి. మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మం కాదు, ఇద్దరిలో మంచివాడు సలాంతో మొదలుపెట్టేవాడు. మనస్ఫూర్తిగా చేయాల్సింది చేసినవాడి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు. మాఫ్ చేసే వైపున్నవాళ్ళకు కూడా ఒక మాట. 42వ సూరా 40వ ఆయత్ చెడుకు అంతే బదులు తీర్చుకోవడాన్ని కాదనదు, క్షమించి సర్దుకున్నవాడి ప్రతిఫలం మాత్రం అల్లాహ్ మీదుందంటుంది. మాఫ్ చేశాక ప్రతి పెళ్ళిలో దాన్ని తవ్వొద్దు. యూసుఫ్ (అలై) తనను బావిలో వేసిన అన్నలతో "ఈ రోజు మీ మీద ఏ నిందా లేదు" అన్నారు, అక్కడితో సరి.

ఇంగ చెల్లెలి వాటా. ఇది రాస్తుంటే నాకు బాధగా ఉంది, ఎందుకంటే నమాజు తప్పని ఇళ్ళలోనే ఇది ఎక్కువ. తండ్రి పోతే ముందు కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసీయత్ (వీలునామా) ఉంటే మూడో వంతు మించకుండా. మిగిలింది పంపకం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుంటే 40 భాగాలు చేయండి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5. కొడుకులకు 14 చొప్పున 28. కూతురికి 7. నాలుగెకరాల చేనైతే 400 సెంట్లు, అందులో కూతురిది 70 సెంట్లు. పెళ్ళికి పెట్టిన బంగారం, కట్నం ఇందులో కోసేయడానికి లేదు. అవి తండ్రి బతికుండగా ఇచ్చినవి.

"వద్దనేసింది" అన్నది ఎట్లా అన్నదో చూడాలి. అన్నదమ్ములు, వదినలు చుట్టూ కూర్చుని సంతకం పెట్టమంటే, కావాలంటే పుట్టింటి గడప మూసుకుపోతుందేమోనని భయపడి ఏ ఆడబిడ్డ అయినా వద్దనే అంటుంది. ముస్లిం సొమ్ము అతని మనసు సంతోషంగా ఒప్పుకుంటేనే ఇంకొకరికి హలాల్ అని హదీసు. భయంతో అన్న వద్దు, సంతోషం కాదు. అందుకే ఉలమాలు చెప్పే దారి ఒకటి ఉంది. ముందు ఆమె 70 సెంట్లు కొలిచి, హద్దులు చూపి, పాసుపుస్తకం ఆమె పేరున చేయించి చేతిలో పెట్టండి. కౌలు వస్తే ఆమెకే పంపండి. ఒకటి రెండు పంటలు ఆ డబ్బు చూసుకున్నాక కూడా, ఎవరూ అడగకుండా, "అన్నా, ఇది నీకే ఉంచు" అంటే అప్పుడు తీసుకోండి, దానపత్రం రాయించుకోండి. అప్పటిదాకా గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ ఆ మాట ఎత్తకండి.

తల్లి 5 భాగాలు కూడా రాయడం మర్చిపోతారు. నాలుగెకరాల్లో అది 50 సెంట్లు. ఆమె మన దగ్గరే తింటోంది కదా అని కలిపేసుకోవద్దు.