స్టేడియం నిండితే టికెట్ ధర సరైనదేనా?

చర్చాంశం

ఫుట్‌బాల్ క్లబ్బులు టికెట్ ధర పెంచిన ప్రతిసారీ సామాన్య అభిమానికి అన్యాయం జరిగిందన్న మాట వినిపిస్తుంది. అయితే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ధరలు ఎంత పెరిగినా స్టేడియాలు దాదాపు పూర్తిగా నిండుతూనే ఉన్నాయి. కొనేవారు బారులు తీరి ఉన్నప్పుడు ధర ఎక్కువని ఏ ఆధారంతో అంటాం? తక్కువకు అమ్మితే ఆ తేడా దళారుల చేతికి పోతుందే తప్ప అభిమానికి మిగలదు. గిరాకీని బట్టి ధర మారడమే న్యాయమని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో చెప్పగోరుతున్నాను.

మొదటి స్పందన

సీట్లు నిండాయా లేదా అన్నదొక్కటే కొలమానమైతే మీ వాదన నిలుస్తుంది. ఆ సీట్లలో ఎవరు కూర్చోగలుగుతున్నారన్నది నా ప్రశ్న. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జనం కిక్కిరిసి పలువురు అభిమానులు మరణించిన దుర్ఘటనపై లార్డ్ జస్టిస్ టేలర్ 1990లో ఇచ్చిన తుది నివేదిక, నిలబడి చూసే పద్ధతి పోయి అందరికీ సీట్లు రావాలని సిఫారసు చేసింది. అదే నివేదిక, అప్పటివరకు నిలబడి చూసినవారి స్తోమతకు అందేలా చవక సీట్ల ధర ఉంచవచ్చని చెబుతూ, స్కాట్లండ్‌లోని ఐబ్రాక్స్ స్టేడియంలో నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 పౌండ్లు అన్న ఉదాహరణను కూడా చూపింది. సీట్లు వచ్చాయి, ఆ ధరల మాటను మాత్రం క్లబ్బులు పక్కన పెట్టేశాయి. నన్ను అన్నిటికంటే బాధించే విషయం ఇదే.

హాజరు లెక్కలనూ కాస్త అనుమానంగానే చూడాలి. 2016 ఫిబ్రవరి 6న సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ సండర్లాండ్‌పై 2-0తో ఆధిక్యంలో ఉండగా, తర్వాతి సీజన్‌కు 77 పౌండ్ల టికెట్ ప్రకటించినందుకు నిరసనగా 77వ నిమిషంలో వేలాది అభిమానులు లేచి వెళ్లిపోయారు. సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి ఆటను సమం చేసింది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు హాజరు అంకెలో లేచి వెళ్లినవారు కూడా ఉన్నారు. నిండిన స్టేడియం ధరకు సమ్మతి తెలిపినట్టేనని ఇక ఎలా అనగలం?

దానికి అభ్యంతరం

లివర్‌పూల్ ఉదంతాన్ని ఒప్పుకుంటాను. కానీ చవక టికెట్‌కు ఖర్చు ఎవరు భరిస్తారో కూడా చెప్పాలి. జర్మనీ రెండో శ్రేణి లీగ్‌లోని ఫార్చునా డ్యూసెల్డార్ఫ్ 2023-24 సీజన్‌లో కొన్ని సొంత మైదానపు మ్యాచ్‌లకు ఉచిత ప్రవేశం కల్పించింది. అది సాధ్యమైంది స్పాన్సర్లు ముందుకు రావడం వల్లనే. బోరుసియా డార్ట్‌మండ్‌లో దాదాపు 25,000 మంది నిలబడి చూసే దక్షిణపు స్టాండును అందరూ ఆదర్శంగా చూపుతారు. జర్మన్ లీగ్‌లోని 50+1 నిబంధన వల్ల అక్కడ ఓటు హక్కులో ఆధిక్యం మదుపుదారులది కాదు, క్లబ్బు సభ్యులదే. మదుపుదారుల చేతిలో ఉన్న క్లబ్బు నుంచి అదే ఔదార్యం ఆశించడం సరికాదు.

మొదటి స్పందన రాసినవారి సమాధానం

నేను అడుగుతున్నది ఉచితం కాదు, ముందుగా తెలిసిన, మధ్యలో మారని ధర. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు మదుపుదారుల చేతుల్లో ఉంటూనే, 2016-17 నుంచి ప్రత్యర్థి మైదానానికి ప్రయాణించే అభిమానులకు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టుకున్నాయి. దానివల్ల ఏ క్లబ్బూ మూతపడలేదు. టికెట్ డబ్బుకంటే ప్రసార హక్కుల ఆదాయమే అక్కడ చాలా క్లబ్బులకు పెద్దది. ఆ ప్రసారానికి కళ తెచ్చేది ఆ గ్యాలరీల్లోని కేకలే.

గిరాకీ ధర సంగతికి వస్తే, 2025 క్లబ్ వరల్డ్ కప్‌లో చెల్సీ, ఫ్లుమినెన్సె సెమీఫైనల్‌కు 473.90 డాలర్లుగా ఉన్న టికెట్, మ్యాచ్ దగ్గరపడేసరికి 13.40 డాలర్లకు పడిపోయింది. ముందే నమ్మి కొన్నవారు దండుగ కట్టుకున్నట్టయింది. ఆ అనుభవం తర్వాత ఎవరైనా చివరి గంట దాకా ఆగుతారు. ముందస్తు అమ్మకాలు పడిపోతాయి, క్లబ్బుకు హాజరు అంచనా కూడా దొరకదు. దళారుల గురించి మీరు చెప్పింది నిజమే. అయితే రాలేనివారు టికెట్‌ను కొన్న ధరకే క్లబ్బు ద్వారా మరొకరికి అప్పగించే ఏర్పాటు ఉంటే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

చర్చ ప్రారంభించినవారి మాట

సెమీఫైనల్ ఉదాహరణ తర్వాత, ధర మ్యాచ్‌కు ముందు మారుతూ పోవడాన్ని సమర్థించలేను. పెద్ద ప్రత్యర్థి వచ్చినప్పుడు, సీజన్ మొదట్లోనే ప్రకటించి, కొంత ఎక్కువ ధర పెట్టుకునే హక్కు మాత్రం క్లబ్బుకు ఉండాలనే ఇప్పటికీ భావిస్తున్నాను. దానికి మీ అభ్యంతరం ఏమిటో వినాలని ఉంది.