జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్: ఏది పోయాలి, ఎంత పోయాలి?

జిప్సీకింగ్_1300:
మారుతి జిప్సీ కింగ్. ఇంజన్ ఆయిల్ టైముకి మారుతోంది కానీ ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ప్లగ్ ఎవరూ విప్పినట్టు లేదు. ఫోర్ బై ఫోర్ ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ వాగులు దాటేటప్పుడే. అంత తక్కువ వాడేదానికి ఆయిల్ మార్చడం అవసరమా? డిఫరెన్షియల్‌కి (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండుకి) పోసే ఆయిలే దీనికీ పోస్తానంటున్నాడు మెకానిక్. సరేనా?

పానా_పట్టు:
ఫోర్ బై ఫోర్ అసలు వేయకపోయినా మార్చాల్సిందే. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కి అతికి ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్‌తో విడిగా వేలాడుతుంది. దాని హై రేంజ్ (మామూలు రోడ్డుకి) గేర్ నిష్పత్తి 1.409, లో రేంజ్‌ది (నెమ్మదిగా, ఎక్కువ లాగుడుకి) 2.268. హై కూడా ఒకటికి ఒకటి కాదు చూడండి. అంటే టూ హైలో (వెనక చక్రాలకే బలం వెళ్లే హై రేంజ్‌లో) రోడ్డు మీద పోతున్నా ఇంజన్ బలమంతా పక్క షాఫ్ట్ మీదుండే కౌంటర్ గేర్ల మీదుగానే వెనక్కి వెళ్తుంది. బండి కదిలినంతసేపూ ఆ పళ్లూ బేరింగులూ బరువు మోస్తూనే ఉంటాయి. వాటికున్న ఆయిల్ 0.8 లీటరు మాత్రమే.

ఓ పది కిలోమీటర్లు తిప్పి, ఆయిల్ వేడి మీదుండగా చదునైన చోట ఆపండి, చక్రాలకు అడ్డు పెట్టండి. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పండి. అది బిగుసుకుపోయి రాకపోతే పని అక్కడే ఆపేయొచ్చు. కింది ప్లగ్ ముందు తీసేస్తే ఆయిల్ లేని బండి కదలకుండా అక్కడే పడి ఉంటుంది. పాత ఆయిల్ చుక్కలు ఆగేదాకా కారనిచ్చి, ఎంత వచ్చిందో కొలవండి. డ్రెయిన్ ప్లగ్ శుభ్రంగా తుడిచి, మరలకు కొంచెం సీలెంట్ రాసి బిగించండి. హౌసింగ్ అల్యూమినియం, పొడవాటి పైపు తగిలించి బలం చూపిస్తే మర పోతుంది. పైన చోటు తక్కువ, కాబట్టి గొట్టం పెట్టిన పెద్ద సిరంజితో పోయడం తేలిక. ఫిల్లర్ రంధ్రం అంచుకి ఆయిల్ తాకి బయటికి జారడం మొదలైతే చాలు.

గేర్_ఆయిల్_90:
గ్రేడు సంగతి. దీనికి జీఎల్-4 (గేర్ ఆయిల్ రకం), చిక్కదనం 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90. డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, అందుకే దానికి జీఎల్-5. మీ మెకానిక్ ఆ డబ్బానే గేర్‌బాక్స్‌కి కూడా ఎత్తుతాడేమోనని నా భయం. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం, భాస్వరం పదార్థాలు గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు. గేర్‌బాక్స్‌కి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్‌కి 0.8. మూడు లీటర్ల జీఎల్-4 కొని రెండూ ఒకేసారి మార్చేయండి.

ఇదంతా జిప్సీకే. చైన్‌తో నడిచే ట్రాన్స్‌ఫర్ కేసులు చాలావాటికి పల్చటి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోస్తారు. వేరే బండి ఉన్నవాళ్లు మాన్యువల్ చూడకుండా ఈ లెక్క పట్టుకోవద్దు.

వాగు_దాటు:
వాగుల్లో దిగుతారు కదా, కాబట్టి ఆయిల్ మార్చడానికి కిలోమీటర్ల లెక్క పెట్టుకోకండి. వేడెక్కిన కేస్ చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల పక్కనుంచీ బ్రీదర్ (కేస్‌కి గాలి ఆడే రంధ్రం) నుంచీ నీళ్లు లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే కొత్తది పోసి 50 కిలోమీటర్లు తిప్పి మళ్లీ మార్చండి, ఒక్కసారితో తేమంతా పోదు. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఇంకో తంటా: లోపల ఒత్తిడి పెరిగి మంచి సీళ్లు కూడా కారతాయి.

ఆయిల్‌లో సన్నటి బూడిద రంగు ముద్ద మామూలే. వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం కేస్ విప్పాలి.

జిప్సీకింగ్_1300:
కొలిస్తే అర లీటరే వచ్చింది, నల్లగా ఉంది, ముక్కలు లేవు. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు తడి కనిపిస్తోంది. సీల్ మార్చితే సరిపోతుందా?

పానా_పట్టు:
సీల్ కొనే ముందు ఫ్లేంజ్ (కేస్‌కి ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే బిళ్ల) పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడండి. లూజు తెలిస్తే తప్పు బేరింగ్‌ది, కొత్త సీల్ కూడా నిలవదు. లూజు లేకపోతే షాఫ్ట్ దించి, ఫ్లేంజ్ మీద సీల్ పెదవి ఆనే చోట గోరు పెట్టి రాయండి. గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఫ్లేంజ్ కూడా మార్చాలి. స్పీడోమీటర్ కేబుల్ వచ్చి చేరేది కూడా ఈ కేస్‌కే, అక్కడి రబ్బరు రింగు కారినా ఆయిల్ వెనక్కి పాకి సీల్ కారినట్టే కనిపిస్తుంది. ముందు ఆ చోటు తుడిచి, ఒక రోజు నడిపి చూడండి.