‘నాన్-ఏలియన్’ని తెలుగులో ఏమనాలి?

అమెరికా రాజకీయ నాయకుడు నార్మన్ మినెటా 2022 మేలో పోయారు. అప్పటి సంస్మరణ వ్యాసమొకటి ఇప్పుడు తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ఎయిర్‌పోర్టులో దిగే మనవాళ్లందరికీ ఆయన పేరు తెలుసు, బోర్డు మీద ఉంటుంది కాబట్టి. మనిషెవరో తెలిసినవాళ్లు తక్కువ.

పుట్టింది ఆ ఊళ్లోనే. 1942లో పదేళ్ల పిల్లాడు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత, జపనీస్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో పెట్టింది. వీళ్ల కుటుంబాన్నీ రైలెక్కించింది. ఆయుధంగా వాడొచ్చని ఆ పిల్లాడి చేతిలోని బేస్‌బాల్ బ్యాటు కూడా లాగేసుకున్నారు.

గోడల మీద అంటించిన నోటీసుల్లో ‘ఏలియన్, నాన్-ఏలియన్’ అందరూ వెళ్లాలని ఉంది. నాన్-ఏలియన్ అంటే పరాయివాడు కానివాడు, అంటే పౌరుడే! ఆ మాట అనడానికి సర్కారుకి నోరు రాలేదు. అందుకే ‘సిటిజన్’ అన్న మాటంటే తనకు ప్రాణమని మినెటా చెప్పేవారు. నేను ‘విదేశీయేతరులు’ అని రాశాను. మా ఆవిడ చదివి, “ఇదేం భాష, జీవోలా ఉంది” అంది. మీరేమంటారని ఇక్కడ అడిగితే వచ్చిన జవాబులివి:

— జీవోలా ఉంది కాబట్టే మార్చకండి మాస్టారూ. సాఫీగా ‘పౌరులు’ అని రాస్తే నోటీసులోని మోసం మీ అనువాదంలో మాయమైపోతుంది.

— మరి ‘ఇంటర్న్‌మెంట్’కి, అంటే అలా శిబిరాల్లో పెట్టడానికి, ఏం వాడారు? నిర్బంధమా? నిర్బంధ విద్యలోనూ అదే మాట, పలచబడిపోయింది. ‘చెర’ అనండి.

— చెర అంటే లంకలో సీతమ్మే గుర్తొస్తుందండీ, శత్రువు ఎత్తుకుపోయినట్టు. ఇక్కడ పెట్టింది సొంత ప్రభుత్వం. మన దగ్గరా జరిగింది: 1962 యుద్ధమప్పుడు అస్సాం, డార్జిలింగ్ వైపు నుంచి చైనా మూలాలవాళ్లు సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు.

అందరికీ థాంక్స్. ‘ఖైదు’ అని రాస్తున్నాను. ఇంటర్న్‌మెంట్ చట్టప్రకారం శత్రుదేశస్థులకు వాడే మాట. మినెటాతో పాటు శిబిరాల్లో పెట్టినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులు. నాకు అసలు భయం ‘తరలింపు’ (ఇవాక్యుయేషన్)తోనే. అప్పటి అధికారులు వాడిన మాట అదే. మనకు గోదావరి పొంగితే లోతట్టు ప్రాంతాల జనాన్ని తరలిస్తారు, కాపాడటానికి. ఆ మంచితనమంతా మాటతో పాటు శిబిరానికీ అంటుకుంటుంది. క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లిచ్చిన 1988 నాటి చట్టం కోసం మినెటా గట్టిగా పనిచేశారు. అందులో కూడా ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఒక్క వాక్యం మాత్రం తడుముకోకుండా వచ్చింది. ఆయన అమెరికా కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) సభ్యుడయ్యాక ఎవరో ఖరీదైన బ్యాటు పంపితే, కానుకల పరిమితి దాటిందని వెనక్కి ఇచ్చేయాల్సొచ్చింది. గవర్నమెంటు మళ్లీ నా బ్యాటు లాక్కుంది అన్నారట.