హోములు మూసి పిల్లల్ని కుటుంబాలకు ఇస్తే భద్రమేనా? మన ఓరుగల్లు దిక్కు అయ్యే పనేనా?

పాకాల గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

కేంద్రం 2024లో ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా పిల్లను వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటు) మార్గదర్శకాలు సవరించింది. భార్యాభర్తలే కాదు, పెళ్లికానివాళ్లు, జోడీ పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు కూడా 35–60 ఏళ్ల మధ్య ఉంటే పిల్లల్ని తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు మగపిల్లల్నే ఇస్తారు. ఆరేళ్లు దాటిన పిల్లలకే ఈ ఏర్పాటు. రెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే దత్తతకు అడగొచ్చు, ఇదివరకు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది.

నేను దీని వైపే. రుమేనియాలో 2000లో మొదలైన పరిశోధనలో ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి కుటుంబాల్లో పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లినవాళ్ల తెలివితేటలు, మనుషులతో కలిసే తీరు మెరుగుపడ్డాయి. ఇంత తెలిశాక కూడా హనుమకొండలో, వరంగల్‌లో హోముల గోడలకు రంగులు వేసుకుంటూ కూర్చుందామా?

ఐనవోలు అక్క

తమ్మీ, ఆ రుమేనియా లెక్క ఇక్కడ అతకది. ఆ పిల్లలు మొదట్ల ఆరు నెలల నుంచి 31 నెలల లోపోళ్లు. మన ఫోస్టర్ కేర్ ఆరేళ్లు దాటినోళ్లకు. కాజీపేట ప్లాట్‌ఫాం మీద దొరికే పన్నెండేళ్ల పోరడు వేరే కథ. ఇంట్ల దెబ్బలు తిని రైలెక్కినోన్ని మళ్ల ఇంకో ఇంట్ల పెడితే వారంల ఉరుకుతడు. అట్ల ఉరికితే ఎవరు ఎతకాలె?

ఇంకోటి. హోముల ఫిర్యాదు పెట్టె ఉంటది. నిబంధన ఏందంటే అది ఆఫీసుకు దూరంగ, పిల్లలు పండే గదుల దగ్గర ఉండాలె, తాళంచెవి మేనేజ్‌మెంట్ కమిటీ చైర్‌పర్సన్ చేతిల ఉండాలె, వారంకోసారి పిల్లల కమిటీ ముంగట తెరవాలె. ఇంట్ల పెట్టె ఏడ పెడ్తరు? వంటింట్లనా? హోముల ఒకన్ని కొడితే చూసినోళ్లు పదిమంది ఉంటరు. ఇంటి తలుపు మూస్తే సాక్షి ఎవలు?

పాత రిజిస్టర్

అక్క చెప్పిన పెట్టె సంగతి నిజమే. కానీ చాలాచోట్ల అది సూపరింటెండెంట్ గది గుమ్మం పక్కనే, సీసీ కెమెరా కిందనే ఉంటుంది. ఏ పిల్ల చీటీ వేస్తుంది?

పదిమంది సాక్షులు ఉన్నంత మాత్రాన బయటపడదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ హోమునే చూడండి. అధికారుల తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం సోషల్ ఆడిట్‌కు వెళ్లి, ఆడపిల్లలతో మాట్లాడి నివేదిక ఇచ్చాకే 2018లో గుట్టు రట్టయింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. జిల్లా తనిఖీ కమిటీ మూడు నెలలకోసారి వెళ్లాలి, కనీసం ముగ్గురు ఉండాలి, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు. ఈ లెక్క ఎక్కడైనా సరిపోతుంది. వచ్చిన ముగ్గురూ ఆఫీసులో చాయ్ తాగి స్టాక్ రిజిస్టర్, కందిపప్పు నిల్వ చూసి సంతకం పెట్టి పోతే ఆ లెక్కకు విలువేముంది?

గోదారి అవతల

అసలు మీరిద్దరూ తగాదా పడాల్సింది ఇంకోచోట. హోములకు చేరే పిల్లల్లో తల్లో తండ్రో ఉన్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు హోము వద్దు, ఫోస్టర్ ఇల్లూ వద్దు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది: నెలకు రూ.4,000, కుటుంబ ఆదాయం ఏడాదికి ఊళ్లో రూ.72,000, పట్నంలో రూ.96,000 దాటకూడదు. తల్లి దగ్గరే పిల్ల చదువుకుంటుంది.

అది ఎందుకు ఆగుతుందో కూడా చెప్తా. ఖాతా తెరవాలంటే ఆధార్, ఆధార్‌కు పుట్టిన తేదీ కాగితం. ఊరూరా కూలికి తిరిగే కుటుంబాల్లో, గుత్తికోయ గూడేల్లో ఆ కాగితం ఉండదు. తండ్రి చనిపోయినట్టు ధ్రువపత్రం ఉండదు. దరఖాస్తు ఫారం పక్కన ఈ రెండూ లేవని రాసి ఫైలు పక్కకు పెడతారు.

పాకాల గట్టు

స్పాన్సర్‌షిప్ మొదటి మెట్టు, ఒప్పుకుంటా. నేను అడిగేది ఎవరూ లేని పిల్లల గురించి, తల్లిదండ్రుల దగ్గర ఉండటమే ప్రమాదమైన పిల్లల గురించి.

ఎనుమాముల

మన దగ్గర సాదుకునుడు ఎప్పటినుంచో ఉంది కదా. ఎవరికీ పిల్లల్లేకుంటే తెచ్చుకుని సాదుకుంటరు. మధ్యల ఈ సమితులు, కాగితాలు ఎందుకు?

పాత రిజిస్టర్

ఎందుకంటే అనాథ పిల్లనో వదిలేసిన పిల్లనో పద్ధతి తప్పి దత్తతకు ఇచ్చినా, తీసుకున్నా బాలల న్యాయ చట్టం సెక్షన్ 80 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. సాదుకోవడం మంచి మాటే. అయితే మిర్చి ఏరే కాలంలో మహబూబాబాద్ వైపు చేలల్లో "మా దగ్గర ఉండే పిల్ల" అని చెప్పే ప్రతి పిల్లా సాదుకున్న పిల్ల కాదు.

అసలు దారి ఇదీ. పిల్ల దొరికితే ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. 2023 నుంచి ఆ నంబరును శిశు సంక్షేమ శాఖ నడుపుతోంది, అత్యవసర నంబరు 112తో కలిపారు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు నిలబెట్టాలి. సమితిలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. చివరి ఉత్తర్వుకు కనీసం ముగ్గురు కూర్చోవాలి. 15 రోజుల్లో సామాజిక విచారణ నివేదిక, నాలుగు నెలల్లో విచారణ పూర్తి. దత్తతకు అర్హమని తేలిన పిల్లను ఎక్కువకాలం ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదు. ఇది చాలామంది మరచిపోతారు. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను విడదీయకుండా చూడాలి.

తర్వాత ఇంటి పరిశీలన. ఇక్కడే లొసుగు. ఒక్కపూట వెళ్లి, హాల్లో కుర్చీలో కూర్చుని, ఇంటాయనతో మాట్లాడి, గదులు లెక్కపెట్టి ఫారం నింపేస్తారు. ఆ ఇంట్లో ఉండే మరిది ఎవరు, మేడ మీద అద్దెకు ఉండేది ఎవరు, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, బాత్రూం లోపలి గడియ పనిచేస్తుందా, ఇంట్లో మందు తాగేవాళ్లు ఉన్నారా, పొరుగున రెండిళ్లవాళ్లు ఏమంటారు? ఇవి రెండోసారి, చెప్పకుండా వెళ్తేనే తెలుస్తాయి. పోలీసు వెరిఫికేషన్ కూడా ఇంటి పెద్ద ఒక్కడికే చేయిస్తే లాభం లేదు, ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ చేయించాలి.

ఐనవోలు అక్క

ఇంటి పెద్ద సంగతి సరే. ఇచ్చినంక ఎవరు చూస్తరు? అది చెప్పున్రి ముందు.

గోదారి అవతల

చట్టం ప్రకారం సమితి ప్రతి నెలా వెళ్లాలి, సరిగ్గా చూడట్లేదని తేలితే పిల్లను వేరే ఇంటికి మార్చాలి. చేతిలో ఉన్న మనుషుల్ని చూడండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టులు రెండు, ఔట్‌రీచ్ వర్కర్ పోస్టులు రెండు. కాంట్రాక్టు ఉద్యోగాలు. బాల్యవివాహం ఆపాలన్నా వాళ్లే, తప్పిపోయిన, పనిలో ఉన్న పిల్లల్ని వెతికే ఆపరేషన్ స్మైల్‌కు జనవరిలో, ముస్కాన్‌కు జులైలో వాళ్లే. ములుగు జిల్లాలో ముల్లకట్ట వంతెన దాటి వాజేడు పోయి ఒక ఇల్లు చూసి వస్తే రోజు గడిచిపోతుంది. రోజుకు రెండిళ్లు అనుకున్నా 20 ఇళ్లకు పది పనిదినాలు. ఆ పది రోజులు ఎవరి దగ్గరున్నాయి? వానాకాలం అయితే ఫోన్ చేసి "బాగున్నదా" అని అడిగి "సందర్శించాం" అని రాస్తారు.

పాత రిజిస్టర్

ఫోన్‌లో "బాగున్నదా" అంటే స్పీకర్ ఆన్ చేసి ఇంటావిడ పక్కనే ఉంటుంది. పిల్ల "బాగున్న" అనే అంటుంది.

ఇంటికి వెళ్లినా అదే తప్పు జరగొచ్చు. లండన్‌లో 2000లో నానమ్మ వరుస బంధువు దగ్గర పెరుగుతున్న ఎనిమిదేళ్ల పిల్ల చనిపోతే ఒంటిమీద 128 గాయాలు. ఆమెను కాపాడే అవకాశాలు కనీసం 12 చేజారాయని 2003లో విచారణ నివేదిక తేల్చింది. ఆసుపత్రులు, పోలీసులు, సంక్షేమ సిబ్బంది అందరికీ తెలిసిన పిల్లే. తెలిసినవాళ్లు పెద్దావిడతో మాట్లాడారు, పిల్లతో సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే బడి. హాజరు పట్టీ అన్నిటికన్నా నిజం చెప్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి ఏరే రోజుల్లో, ఫిబ్రవరి–మార్చిలో మిర్చి రోజుల్లో ఆ పిల్ల హాజరు చూడండి. అదే ఇంట్లో సొంత పిల్లల హాజరు పక్కన పెట్టి చూడండి. సొంత పిల్ల 22 రోజులు వచ్చి, సాదుకున్న పిల్ల 11 రోజులే వస్తే వేరే సాక్ష్యం ఎందుకు? చేతివేళ్లు చూడండి, పత్తికాయ గీరిన గాట్లు దాగవు. మధ్యాహ్న భోజనం రెండుసార్లు అడుగుతుందా అని వంట ఆయమ్మను అడగండి.

పాకాల గట్టు

టీచరుకు అనుమానం వస్తే చెప్తుందంటారా? గొడవెందుకని ఊరుకుంటారు చాలామంది.

ఐనవోలు అక్క

లైంగిక వేధింపు అని అనుమానమున్నా చెప్పకపోతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద నేరం, ఆరు నెలల దాకా జైలు. ఫోస్టర్ ఇంట్ల మనిషే చేస్తే అది తీవ్రమైన నేరం కిందికి వస్తది. అత్యాచారమైతే 2019 సవరణ నుంచి తక్కువల తక్కువ 20 ఏళ్లు. అయినా ఇవన్నీ జరిగినంక మాటలు. నా మాట నేను మార్చుకుంట లేను. నెలనెలా ఇల్లు చూసే మనిషి లేని జిల్లాల పిల్లను ఇంటికి ఇయ్యొద్దు. ముందు మనిషిని పెట్టున్రి, తర్వాత ఇల్లు వెతకున్రి.

పాకాల గట్టు

అయితే ఆ మనిషి ఉన్నాడో లేడో తేల్చుకుందాం. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేస్తా, 30 రోజుల్లో జవాబివ్వాలి. జిల్లాలో ఫోస్టర్ కేర్‌లో ఎందరు, ఏడాదిలో జరగాల్సిన సందర్శనలెన్ని, జరిగినవెన్ని, ఆ కుటుంబాలకు ఇచ్చే డబ్బు ఎన్ని నెలలు ఆలస్యమైంది. సరిపోతుందా?

పాత రిజిస్టర్

పేర్లు, ఊర్లు, బడులు అడగకండి. పిల్లల గుర్తింపు బయటపెడితే సెక్షన్ 74 కింద నేరం, ఆ సాకుతో మొత్తం తిప్పి పంపుతారు. అంకెలే అడగండి. ఇంకో ప్రశ్న కలపండి: ఆ సందర్శనల్లో పెద్దవాళ్లు లేకుండా పిల్లతో విడిగా మాట్లాడినవి ఎన్ని?

ఎనుమాముల

ఆ గడి ఫారంల ఉందా అసలు?

పాత రిజిస్టర్

అదే అడగమంటున్నా.